చైన్ రంపానికి పదును పెట్టుకోవడం: సైటు మీద నేర్చుకున్న సంగతులు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శి అన్న "సేఫ్టీ గురించి నాలుగు మాటలు చెప్పు తమ్మీ" అన్నారు. నేనన్నాను, "అన్నా, సేఫ్టీ గురించి వీళ్ళు వారం వారం టూల్‌బాక్స్ మీటింగులో వింటనే ఉంటారు, నిలబడి నిద్రపోతనే ఉంటారు. నేను ఒకే ఒక్క పనిముట్టు గురించి చెప్తా" అని. ఆ పనిముట్టు ఈ బల్ల మీద ఉంది. చైన్ రంపం. దీన్ని పట్టుకున్నోళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. నలభై మంది దాకా ఉన్నారు. సరే, చేతులు దించకండి. దీని చైనుకు మీ చేత్తో మీరు పదును పెట్టుకున్నోళ్ళు ఎంతమంది? అయిదుగురు. చూసిన్రా, నా ప్రసంగం ఇక్కడే ఉంది.

నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, మస్కట్ వచ్చి పదకొండేళ్ళయింది. డిప్లొమాలో మాకు కాంక్రీటు నేర్పిన్రు, సర్వే నేర్పిన్రు గానీ రంపం ఎవ్వరూ నేర్పలేదు. మరి కట్టుబడి పనికీ చైన్ రంపానికీ ఏం సంబంధం అంటారా? కొత్త సైటు తీసుకుంటే ముందు చెట్లు కొట్టాలి. షట్టరింగ్ దుంగలు, పైపుల కింద పెట్టే మొద్దులు కొయ్యాలి. ఎర్రముక్కు పురుగు పట్టిన ఖర్జూరం చెట్టు పక్క చెట్లకు అంటించకముందే కొట్టి తీసెయ్యాలి. ఆ పురుగు మన కోనసీమ కొబ్బరి రైతులకు బాగా తెలిసిందే, ఇక్కడ ఖర్జూరం రైతునూ ఏడిపిస్తున్నది. ఈ పనులన్నింటికీ మేస్త్రీ చుట్టూ చూసి, బలంగా ఉన్న పిల్లగాణ్ణి ఒకణ్ణి పిలిచి చేతుల్లో రంపం పెడతడు. తాడు గుంజి స్టార్ట్ చెయ్యడం చూపిస్తడు. ట్రైనింగ్ అయిపోయినట్టే.

మా నాయన తాళ్ళెక్కేటోడు. పొద్దున చెట్టు దగ్గరికి పోకముందు గీత కత్తిని పదును పెట్టుకునేటోడు. తొందర లేకుండా, చాయ్ చల్లారిపోయినా పట్టించుకోకుండా. "కత్తి మొద్దుబడితే చెయ్యి నొక్కుతది. నొక్కితే జారుతది" అనేటోడు. ఆయనకు ఇంజినీరింగ్ రాదు. కానీ చైన్ రంపం మాన్యువల్‌లో నేను తర్వాత చదివిన సగం సంగతి ఆ మాటలోనే ఉంది.

ముందు ఈ చైను ఎట్ల కోస్తదో చెప్తా. పాత చైన్లకు మామూలు రంపం లెక్కనే కోసుగా పళ్ళుండేవి, అవి చెక్కను గీకేవి. అమెరికాలో జో కాక్స్ అనే ఆయన చెట్లు కొట్టే పని చేసేటోడు. 1946లో ఒక కట్టెమొద్దులో పురుగు పిల్ల తొలుచుకుంట పోవడం చూసిండు. అది నోటికున్న రెండు దవడలతో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి చెక్కుకుంట పోతున్నది. ఆ పద్ధతినే ఇనుములో పెట్టి కొత్త చైను తయారు చేసిండు. మీ చైన్ చూడండి, ఒక పన్ను ఎడమకు వంగి ఉంటది, దాని తర్వాతిది కుడికి. ఒక్కొక్క పన్నుకు రెండు భాగాలు. వెనుక ఉన్నది కోసే భాగం. దాని ముందు చిన్న ముక్కు లాగా లేచి ఉన్నది డెప్త్ గేజ్. కోసే భాగం ఎంత లోతు కొరకాలో ఆ ముక్కే చెప్తది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తా.

కోసే భాగం పైన సన్నటి క్రోమ్ పూత ఉంటది. అంచును నిలబెట్టేది ఆ పూతే. ఒక్క రాయి తగిలినా, ఒక్క మేకు తగిలినా అది లేచిపోతది. ఇక ఖర్జూరం చెట్టు సంగతి మీకు తెలుసు. దాని మానుకు మట్టల మొదళ్ళు పొరలు పొరలుగా ఉంటయి, వాటి సందుల్లో ఏండ్ల కొద్దీ ఇసుక దూరి ఉంటది. వేప మొద్దును పొద్దంతా కోసే చైను, ఖర్జూరం మాను మీద రెండు మూడు కోతలకే మొద్దుబడతది. పైగా దాని పీచు పోయి స్ప్రాకెట్‌కు చుట్టుకుంటది. మన తాటిచెట్టు చుట్టమే కదా, పీచు లేకుండా ఉంటదా!

చైను మొద్దుబడిందని ఎట్ల తెలుస్తది? రంపం కింద పడే పొట్టు చూడండి. పదునున్న చైను పెచ్చులు పెచ్చులుగా విసురుతది. మొద్దుబడ్డ చైను పిండి రాలుస్తది. ఖర్జూరంలో పెచ్చు అంత స్పష్టంగా కనబడదు, పీచుతో కలిసి వస్తది. అప్పుడు ఇంకో గుర్తు చూడండి. పదునున్న రంపం దాని బరువుకు అదే దిగుతది, మీరు పట్టుకుంటే చాలు. నొక్కితే గానీ దిగట్లేదంటే పదును పోయినట్టే. పొగ వస్తున్నదంటే పోయి చాలాసేపైనట్టు. కోత ఒక పక్కకు వంకర పోతున్నదంటే ఒక పక్క పళ్ళు పొట్టిగా, ఒక పక్కవి పొడుగ్గా ఉన్నట్టు.

ఇప్పుడు నేను ఈ ప్రసంగం ఎందుకు ఒప్పుకున్ననో ఆ ముచ్చట చెప్తా.

2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని కొట్టింది. సువైక్, ఖాబూరా దిక్కు పనిచేసినోళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు వేరే చెప్పాల్సిన పని లేదు. తోటలకు తోటలు నీళ్ళల్ల ఉన్నయి. అప్పుడు నేను సూపర్‌వైజర్‌నై ఎనిమిది నెలలు. మా సైటు పని ఆపి, దార్ల మీద, గోడల మీద పడ్డ చెట్లు తీయమని మమ్మల్ని పంపిన్రు. రెండు రంపాలు, రెండు చైన్లు. స్పేర్ లేదు. నీళ్ళు తీసినంక చెట్ల నిండా బురద, బురదలో ఇసుక. మొదటి రోజు మధ్యాహ్నానికే రెండు చైన్లూ అయిపోయినయి. కొత్త చైన్ కావాలని ఫోన్ చేస్తే "దుకాణాలు మూసి ఉన్నయి, ఉన్నదాంతో నడిపించు" అన్నరు. ఆ మాట అబద్ధం కూడా కాదు. కానీ ఆకురాయి ఒకటుంటే దుకాణంతో పని లేదన్న సంగతి వాళ్ళకూ తెల్వదు, నాకూ తెల్వదు.

మెదక్ దిక్కు తమ్ముడు ఒకడు రంపం పట్టిండు. మూడో రోజు పొద్దున నా దగ్గరికి వచ్చి "అన్నా, చైన్ మొద్దైంది, దిగుతలేదు" అన్నడు. నేనన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్ల ఉంది. "నొక్కురా, దిగుతది" అన్న. తాళ్ళెక్కేటోని కొడుకును, నేనే అన్న ఆ మాట.

వాడు నొక్కిండు. ఒంట్లో బరువంతా పెట్టిండు. ఫుల్ రేస్ ఇచ్చిండు. మాను సగం దాకా మొరాయించి, కింద కుళ్ళిన భాగం రాంగనే ఒక్కసారిగా తెగింది. బరువంతా రంపం మీదనే ఉండె కాబట్టి రంపంతో పాటు మనిషి ముందుకు వచ్చిండు. ఫుల్ రేస్‌లో చైను సెకనుకు ఇరవై మీటర్ల చుట్టుపక్కల తిరుగుతది. ఎడమ కాలు, మోకాలు పైన తగిలింది. కాలుకు కట్టుకునే కోతరక్షణ ప్యాంటు లేదు, అటువంటిది ఒకటుంటదని కూడా మాకు తెల్వదు. తువ్వాలతో గట్టిగా అదిమి పట్టుకొని పికప్‌లో ఆసుపత్రికి తీసుకపోయినం. ప్రాణం దక్కింది. నడుస్తడు. మోకాలు మాత్రం పూర్తిగా మడవరాదు.

తర్వాత రిపోర్టు రాసిన్రు. కారణం అనే గడిలో "కార్మికుని అజాగ్రత్త" అని రాసి నా ముందు పెట్టిన్రు. నేను సంతకం పెట్టిన. ఎందుకంటే కొత్త పోస్టు, ఇంటి దగ్గర అప్పు, మీ అందరికీ ఉండే కారణాలే. కాంట్రాక్టు అయిపోంగనే వాణ్ణి పంపించేసిన్రు. పోయినేడు ఊరికి పోయినప్పుడు వాళ్ళింటికి పోయిన. చాయ్ పోసిండు. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి ఒక్కటే అడిగిండు. "అన్నా, నేను ఆ రోజు చెప్పిన కదా, చైన్ మొద్దైందని. ఆ కాయితంలో అది రాయలేదా?"

పేరు చెప్పొద్దన్నడు, ముచ్చట చెప్పమన్నడు. అందుకే చెప్పిన. ఇక పనిలోకి వద్దాం.

ఆకురాయి. గుండ్రటిది, రౌండ్ ఫైల్ అంటం. ఏ సైజు పడితే ఆ సైజు పనికిరాదు. చైన్ పిచ్‌ను బట్టి ఉంటది. బార్ మొదట్లో, బోల్టులు బిగించే దగ్గర పిచ్ చెక్కి ఉంటది, గుడ్డతో తుడిచి చూడండి. చిన్న రంపాలకు 3/8 లో-ప్రొఫైల్ చైన్ ఉంటది, దానికి 4 మిల్లీమీటర్ల ఆకురాయి. .325 అని ఉంటే 4.8. పెద్ద రంపాలకు మామూలు 3/8 అయితే కంపెనీని బట్టి 5.2 గానీ 5.5 గానీ, చైన్ డబ్బా మీద రాసి ఉంటది. డబ్బా పారేయకండి, కనీసం ఫోటో తీసి పెట్టుకోండి. సన్నటి ఆకురాయి పెడితే పన్ను కొక్కెం లాగా తయారై చెక్కను పట్టేస్తది. లావుది పెడితే పన్ను వీపు అరిగి అసలు కోయదు. ఆకురాయి ఒక చైనుకయ్యే ఖర్చులో చిన్న వంతు. అది కొనకుండా చైన్ మీద చైన్ కొనే కంపెనీలు చూసిన, చైన్ కూడా కొనని కంపెనీలూ చూసిన.

పదును పెట్టే ముందు ఇంజిన్ ఆపాలి. స్విచ్ ఆపేసి, చేతులకు గ్లవుజులు వేసుకొని కూర్చోవాలి. బార్‌ను వైస్‌లో బిగించండి. వైస్ లేకపోతే ఒక మొద్దులో గాడి కోసి, అందులో బార్‌ను నిలబెట్టి చీలలు కొట్టండి. కదలకుండా ఉండాలె, అదే ముఖ్యం. చైన్ కొద్దిగా బిగించి, చైన్ బ్రేక్ వేస్తే చైను జరగదు. తర్వాతి పళ్ళకు జరుపుకోవడానికి బ్రేక్ తీసి, జరిపి, మళ్ళీ వేసుకోవాలి.

అన్నింటికన్నా ఎక్కువ దెబ్బతిన్న పన్ను ఏదో వెతకండి. దాని మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, ముందు దాన్నే సానపట్టండి. ఎన్ని తోపులకు దాని అంచు మీద మెరుపు పోయిందో లెక్కపెట్టండి. అంచు మీద వెలుతురు మెరుస్తున్నదంటే అది ఇంకా గుండ్రంగా ఉన్నట్టు. నిజంగా పదునున్న అంచు మెరవదు, సన్నటి నల్ల గీత లాగా కనబడతది. ఆ పన్నుకు ఆరు తోపులు పట్టినయనుకోండి, అన్నింటికీ ఆరే. అన్ని పళ్ళూ ఒకే పొడుగుండాలె. లేకపోతే పొడుగు పన్ను ఒక్కటే పని చేస్తది, మిగతావి ఊరికే తిరుగుతయి. మన సైటు లెక్కనే.

తోపు ఎప్పుడూ పన్ను లోపలి నుంచి బయటికి. ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కు తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. ముందుకూ వెనక్కూ గీకితే ఆకురాయి పాడైతది, పన్నూ పాడైతది. కోణం చాలా చైన్లకు 30 డిగ్రీలు. పన్ను నెత్తి మీద సన్నటి గీత చెక్కి ఉంటే దానికి సమాంతరంగా పట్టండి. ఆకురాయి మందంలో అయిదో వంతు పన్ను పైకి కనబడాలి. ఇవన్నీ కంటి అంచనాకు రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఫైల్ గైడ్ అని ఒక చిన్న రేకు దొరుకుతది, ఆకురాయికి బిగించుకుంటే ఎత్తూ కోణమూ అదే చూపిస్తది. మొదట్లో అది పెట్టుకోండి, నామోషీ ఏం లేదు. ఒక పక్క పళ్ళన్నీ అయినంక రంపం అవతలి పక్కకు పోయి రెండో పక్క పెట్టండి. కుడిచేతి వాటం ఉన్నోళ్ళకు ఒక పక్క బాగా వస్తది, రెండో పక్క సగం సగం వస్తది. వంకర కోతలు ఎక్కువగా అక్కణ్ణుంచే వస్తయి.

ఇక ఆ ముక్కు సంగతి. పన్నును నాలుగైదు సార్లు సానపడితే అది వెనక్కు అరిగి, ఎత్తు తగ్గుతది. ముందున్న డెప్త్ గేజ్ మాత్రం అట్లనే ఉంటది. అప్పుడు పన్ను ఎంత పదునున్నా చెక్కకు అందదు. "పదును పెట్టినా కోస్తలేదన్నా" అని వచ్చేది ఇందుకే. గేజ్ రేకు చైన్ మీద పెడితే, ఎక్కువగా ఉన్న ముక్కు దాని సందులోంచి పైకి కనబడతది. దాన్ని చదును ఆకురాయితో రేకుకు సమానంగా తీసెయ్యాలి. ఎక్కువ చైన్లకు పన్నుకూ ముక్కుకూ మధ్య తేడా 0.65 మిల్లీమీటర్లు ఉండాలె. ఇక్కడ ఒక దొంగ తెలివి ఉంది. కొందరు పాత చేతులు ఆ ముక్కును బాగా అరగదీస్తరు, రంపం గబగబా దిగుతదని. దిగుతది. దాంతో పాటు చెక్కను గట్టిగా పట్టేస్తది. బార్ కొసలో పై పావు భాగం ఎక్కడన్నా తగిలితే రంపం మీ ముఖం మీదికి ఎగురుతది, దాన్నే కిక్‌బ్యాక్ అంటం. ముక్కులు తక్కువైన చైనుకు ఆ ఎగురుడు ఇంకా ఎక్కువ. మీరు వాడే రంపం ఎవరో ఇట్ల చేసి పెట్టిండేమో ఒకసారి చూసుకోండి.

మిగతావి తొందరగా చెప్తా. చైన్ బిగువు: చల్లగా ఉన్నప్పుడు బార్ కింద వేలాడకూడదు, చేత్తో గుంజితే సులువుగా తిరగాలె. పని చేస్తుంటే వేడికి సాగుతది, మళ్ళీ బిగిస్తరు. పని అయిపోంగనే వదులు చెయ్యడం మాత్రం మరవకండి, చల్లారితే బిగుసుకొని బేరింగులను గుంజుతది. బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి బిగించండి, ఒకే పక్క అరగకుండా ఉంటది. గాడిలో పీచు, ఇసుక సన్నటి రేకుతో లాగేయండి. ఆయిల్ వచ్చే రంధ్రం కూడా అక్కడే ఉంటది, అది మూసుకపోతే బార్ కాలిపోతది. ఆయిల్ వస్తున్నదో లేదో చూడాలంటే రంపం కొసను అట్టముక్క మీదుగా, తగలకుండా పట్టుకొని రేస్ ఇవ్వండి. అట్ట మీద నూనె గీత పడాలె. ఖర్జూరం కోసిన రోజు స్ప్రాకెట్ మూత తీసి పీచు మొత్తం శుభ్రం చెయ్యాల్సిందే. రెండు చైన్లు అరిగేసరికి స్ప్రాకెట్ కూడా మార్చాలె, పాత స్ప్రాకెట్ కొత్త చైనును తొందరగా తినేస్తది.

బండ్ల నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ బార్‌కు పోసేటోళ్ళు ఇక్కడ కూడా ఉన్నారు, నాకు తెలుసు. అది తుంపర్లుగా మీ చేతుల మీద, బట్టల మీద పడతది. వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు, దీర్ఘకాలంలో క్యాన్సర్ తెచ్చే గుణం ఉంది దానికి. కంపెనీకి ఆ డబ్బా మిగుల్చుడు కోసం మీ తోలు ఎందుకు పణంగా పెట్టాలి? పెట్రోల్‌లో కలిపేది వేరే, టూ-స్ట్రోక్ ఆయిల్. మంచి ఆయిల్ అయితే 50కి 1, అంటే అయిదు లీటర్లకు 100 మిల్లీలీటర్లు. మన దగ్గర ఎండ మీకు తెలుసు, డబ్బా నీడలో పెట్టండి. ఇంజిన్ వేడి మీద పెట్రోల్ పోయొద్దు. పోసిన చోటనే స్టార్ట్ చెయ్యొద్దు, నాలుగడుగులు దూరం జరగండి. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది కదా. ఆ టైములో నీడలో కూర్చొని పదును పెట్టమనే మేస్త్రీలు ఉంటరు. అది మీ విశ్రాంతి టైము. పదును పెట్టుడు పనిలో భాగం, పని టైములోనే చెయ్యాలి. నా దగ్గర ఇప్పుడు ట్యాంకు పెట్రోల్ అయిపోయిన ప్రతిసారీ రంపం ఆపి, రెండు మూడు తోపులు పెట్టి మళ్ళీ పోస్తరు. అయిదు పది నిమిషాల పని. పూర్తిగా మొద్దుబడ్డాక పెడితే గంట పడతది.

చివరగా, కాయితం సంగతి. చైన్ మొద్దుబడింది, కొత్తది కావాలె, ఆకురాయి లేదు అనే మాట నోటితో చెప్పి ఊరుకోకండి. వాట్సాప్‌లో రాయండి. రాయరాకపోతే చైన్ ఫోటో తీసి, వాయిస్ పెట్టండి. తేదీ, టైము దానంతట అదే పడతది. నాలాంటి సూపర్‌వైజర్‌కు పెట్టండి, పై ఆయనకు కూడా పెట్టండి. ఇది సూపర్‌వైజర్‌ను ఇరికించడానికి కాదు. ఆ రోజు నా ఫోన్‌లో అటువంటి మెసేజ్ ఒకటి ఉండి ఉంటే, ఆ గడిలో వేరే మాట రాయమని అడగడానికి నాకే ధైర్యం వచ్చేదేమో. ఇప్పుడు మా సైటులో రంపానికొక నోటుబుక్కు ఉంది. ఏ రోజు పదును పెట్టిన్రు, ఎవరు పెట్టిన్రు, పన్ను ఇంకా ఎంత మిగిలింది, అన్నీ రాస్తరు. కోసే భాగం 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే చైను తీసెయ్యాలె. చాలా చైన్ల పన్ను మీద దానికి గుర్తు గీత కూడా ఉంటది.

మాటలు చాలు. ఈ బల్ల మీద మూడు రంపాలున్నయి, మూడింటికీ చైన్లు కావాలనే మొద్దుబడ్డవి తెచ్చిన. పది ఆకురాళ్ళు, గ్లవుజులు ఉన్నయి. ఇందాక చేతులెత్తిన అయిదుగురు అన్నలు ఇటు పక్కకు రండి, మీరు నేర్పేటోళ్ళు. మిగతావాళ్ళు ముగ్గురు ముగ్గురుగా ఒక్కో రంపం దగ్గరికి రండి. భోజనాలు ఒంటిగంటకు అన్నరు, అప్పటిదాకా టైముంది. ముందు స్విచ్ ఆఫ్‌లో ఉందా లేదా చూసుకోండి.